పోతుచెట్టు పూత

రాబియా సంచిలో ఒకటి పెడితే బీబీ మౌజా ఒకటి తీస్తోంది.

ముందు నమాజు గుడ్డ పెట్టింది. ముసలామె చేత్తో తడిమి దాన్ని బయటికి లాగి ఒళ్ళో వేసుకుంది. గౌన్లు మడిచి పెట్టింది. అవీ బయటికొచ్చాయి. కాటుక భరిణె, కొయ్య దువ్వెన, సాంబ్రాణి పొట్లం ఒకదాని వెంట ఒకటి లోపలికి పోయి, ఒకదాని వెంట ఒకటి చాప మీదికి తిరిగొచ్చాయి. ఆకుపచ్చ గుడ్డసంచి నోరు తెరుచుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"నేను ఎక్కడికీ రాను" అంది బీబీ.

"నువ్వు రానంటే నీ కొడుకు ఊరుకుంటాడా? నాకు చీవాట్లు" అంది రాబియా.

సగం అరబ్బీలో, సగం తెలుగులో అంది. ఆమెకు వచ్చింది వంటింటి అరబ్బీ. ఉప్పు, నీళ్ళు, లే, కూర్చో, నొప్పి ఎక్కడ, అంతవరకే. కోపం వచ్చినా భయం వేసినా నోట్లోంచి రాయచోటి తెలుగే వచ్చేస్తుంది. ముసలామెకు తెలుగు రాదు. అయినా ఏది కోపమో ఏది భయమో ఆమెకు బాగానే తెలుస్తుంది.

"శుక్రవారానికి ఇంకా వారం ఉంది. ఇప్పుడే సర్దుతున్నావంటే నన్ను పంపించే తొందర నీకే ఉంది, బింతీ."

బింతీ అంటే కూతురా అని. ఆ మాట బీబీ ముద్దుగా ఉన్నప్పుడూ అంటుంది, దెప్పిపొడిచేటప్పుడూ అంటుంది.

రాబియా లేచి గుమ్మం దాకా వెళ్ళి, వాది వైపు చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. వాది అంటే ఎండి రాళ్ళు తేలిన ఏరు. దాని ఒడ్డునే కంపెనీ వాళ్ళు రుస్తాఖ్ నుంచి కొత్త రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు మీదే ఎవడో డ్రైవరు పొద్దున బీబీ కొడుకు సైఫ్ మాట మోసుకొచ్చాడు. వచ్చే శుక్రవారం వస్తాను, ఉమ్మీని, అంటే అమ్మను, మస్కట్ తీసుకుపోతాను, ఇంటికి తాళం వేస్తాను, సామాను సర్ది ఉంచు. అంతే. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి రాబియా కాలు ఒకచోట నిలవడం లేదు.

సంచి సర్దడమంటే ఆమెకు చిన్నప్పటినుంచీ భయం. వాళ్ళ అమ్మ సర్దిన సంచి పట్టుకుని నాన్న బొంబాయి పోయాడు. తాను సర్దిన సంచి పట్టుకుని మొగుడు లారీ ఎక్కాడు. రెండు సంచుల్నీ ఎవరెవరో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఎవరు సంచి ముడి వేస్తున్నా ఆమె లేచి బయటికి పోతుంది. ఈ దేశం రావడానికి తన సంచి తానే సర్దుకున్న రోజు కూడా బొంబాయి రైల్లో దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

బీబీ మౌజాకు కొంతకాలంగా చూపు సరిగా లేదు. వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. కానీ ఈ మట్టి ఇంట్లో ఆమెకు కళ్ళతో పని లేదు. మంచం దగ్గరినుంచి గోడ పట్టుకుంటే వంటిల్లు, వంటింటి గడప దాటితే కాలువ చప్పుడు. కొండ అడుగునుంచి తవ్వి తెచ్చిన ఫలజ్ కాలువ ఇంటి వెనకనుంచే తోటల్లోకి పారుతుంది. ఆ చప్పుడు కుడి చెవికి వినిపిస్తే తోటకు పోతున్నట్టు, ఎడమ చెవికి వినిపిస్తే ఇంటికి వస్తున్నట్టు. కిందటేడు కళ్ళు చూపించడానికని కొడుకు మస్కట్‌లో రువీ పేటలోని తన ఇంటికి తీసుకుపోయాడు. కొత్త ఇల్లు, నున్నటి నేల, పెద్ద హాలు. చెయ్యి చాస్తే గోడ అందలేదట. హాలు మధ్యలో నేల మీద కూర్చుండిపోయి, కోడలు వచ్చేదాకా లేవలేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా బీబీ మౌజా చెయ్యి గాల్లో గోడకోసం వెతికేది.

ఆ తర్వాత ఒకసారి కాలువ దగ్గర జారి పడింది. అప్పుడే సైఫ్ పట్టుబట్టి రాబియాను తెప్పించాడు. రాబియా వచ్చిన మొదటి రోజుల్లో బీబీ ముఖం తిప్పుకునేది. "నాకు పనిమనిషి ఎందుకు? నాకు వంతు ఉంది" అనేది.

ఆ వంతు సంగతి రాబియాకు నెమ్మదిగా తెలిసింది. రోజుకో ఇంటినుంచి ఒక ఆడమనిషి వచ్చేది. ఒకామె రొట్టెలు తెచ్చేది, ఒకామె తల దువ్వేది, ఒకామె కాఫీ కాచి పోసి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి పోయేది. ఎవరికీ ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. పక్క తోట రయ్యా అయితే వంతు లేని రోజు కూడా వచ్చి బీబీతో పోట్లాడి పోయేది. ఎందుకు వస్తారో రాబియా అడగలేదు. ముసలామె మీద గౌరవం అనుకుంది. గౌరవం ఉంది, నిజమే. దాని వెనక ఒక చెట్టు ఉందని ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.

తోటలో ఖర్జూరపు చెట్లన్నీ కాచేవే, ఒక్కటి తప్ప. కాలువ మలుపులో ఉన్న ఆ పెద్ద చెట్టు కాయదు. ఆ మాట బీబీయే చెప్పింది.

చెట్లెక్కే మనిషి ఆ ఊళ్ళో కరువయ్యాడు. ఇదివరకు ఎక్కేవాడు మస్కట్‌లో ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు. వయసు మగవాళ్ళలో సగంమంది పటాలంలోనో ఆఫీసుల్లోనో ఉన్నారు. ఎండు మట్టలు కొట్టేవాడు లేక చెట్లు జడలు విరబోసుకుని నిలబడ్డాయి. ఆ టైంలోనే రోడ్డు పని సైట్‌లో నర్సయ్య కనిపించాడు రాబియాకు. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చి, ఖర్జూరపు చెట్ల వైపు తల ఎత్తి, తప్పిపోయిన మేకలు దొరికినట్టు చూస్తున్నాడు.

"ఏంది అబ్బీ, అట్ల చూస్తాండావు?" అని అడిగింది. తెలుగువాడని అతని గొణుగుడులోనే తెలిసింది.

"ఇవి ఈత చెట్లే గదక్కా! జర లావైనయ్, గంతే. మా జగిత్యాల దిక్కు మా తాతలకెల్లి మేం కల్లు గీసే గౌండ్లోళ్ళం. కంపెనోడు నా చేతికి పార ఇచ్చిండు. సూడు, పార పట్టుకునే చెయ్యేనా ఇది?"

"ఏం చెయ్యో నాకేం తెల్సు. ఎక్కగలవా, లేదా?"

"ఎక్కగలవా అంటవేందక్కా? చేపను ఈదుతవా అని అడుగుతరా?"

కంపెనీ తాడుతో మోకు తానే పేనుకున్నాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టి, పాదాలు చెట్టుకు తన్నిపెట్టి అతను పైకి పోతుంటే రయ్యా పనులు మానుకుని వచ్చి చూసింది. శుక్రవారాలు వచ్చి మట్టలు కొట్టి శుభ్రం చేసేవాడు. బీబీకి అతని అడుగు గుర్తే. "చెట్టు మనిషి వచ్చాడు, కాఫీ పెట్టు" అనేది. అతను కాఫీ గ్లాసు పట్టుకుని తెలుగులో తన ఊరి కబుర్లు చెప్పేవాడు. ఆమె అరబ్బీలో తన పెళ్లి కబుర్లు చెప్పేది. ఇద్దరూ తలలు ఊపుకునేవాళ్ళు. మధ్యలో రాబియా కూర్చుని నవ్వేది.

డిసెంబరు తర్వాత బీబీ తిండి తగ్గించింది. కాళ్ళలో సత్తువ పోయింది. గోడ పట్టుకుని నడిచే మనిషి గోడకు ఆనుకుని నిలబడటం మొదలుపెట్టింది. అప్పుడే నర్సయ్య ఆ మలుపులో చెట్టు చూపించి అడిగాడు.

"గా చెట్టు కాయదా అక్కా?"

"కాయదంట."

"పోతుచెట్టు గదా, ఎట్ల గాస్తది? మా దిక్కు పోతుచెట్టంటే కల్లుకే. నేను కల్లనలేదు, గట్ల సూడకు. తెల్లారగట్ల దించిన తియ్యటి నీర. మా అవ్వకు లేవలేనప్పుడు గదే పోసినం. మంచంల నుంచి లేసి నన్నే తిట్టింది. బీబీకి జర పోద్దాం. పాణం లేస్తది."

రాబియా కాసేపు ఆలోచించింది. కల్లు అయితే వద్దంది. కల్లు కాదని అతను తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. ఎలాగూ కాయని చెట్టు. ముసలామె నాలుగు గుక్కలు తాగి లేచి తిరిగితే చాలు. సరే అంది.

డ్యూటీకి ముందు చెట్టెక్కి, తన ఊళ్ళో ఈతచెట్టుకు చేసినట్టే చేశాడు నర్సయ్య. మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టేశాడు. పూత ఉంటే నీరు కిందికి దిగదని, పడవల్లా మూసుకుని ఉన్న పూత పొత్తులన్నీ నరికి కింద పడేశాడు. మెడ తెల్లగా కనిపించేదాకా చెక్కి, కల్లు పట్టే మట్టి లొట్టికి బదులు పాలపొడి డబ్బా కట్టాడు. కింద పడ్డ పొత్తుల్ని రయ్యా మేకలు ఇష్టంగా తిన్నాయి.

మర్నాడు పొద్దున డబ్బా దించి తెచ్చాడు. రాబియా గుడ్డలో వడకట్టి గ్లాసులో పోసి ఇచ్చింది. బీబీ తాగింది. పెదవులు నాక్కుంది.

"తేనె కాదు. చెరుకూ కాదు. ఏమిటిది?"

"చెట్టు నీళ్ళు బీబీ. నర్సయ్య తీశాడు."

"ఏ చెట్టు?"

"మలుపులోది. కాయని చెట్టు."

గ్లాసు ముసలామె చేతిలో ఆగిపోయింది. తర్వాత గ్లాసుతోనే లేచింది. అన్నాళ్ళు లేవని మనిషి గోడ కూడా సరిగా పట్టుకోకుండా, కాలువ చప్పుడు కుడి చెవిన పెట్టుకుని మలుపు దాకా నడిచింది. నేల మీద కూర్చుని తడిమింది. మేకలు వదిలేసిన ఒక పొత్తి ముక్క దొరికింది. వేళ్ళతో చీల్చి నలిపితే అరచేయి నిండా పిండిలాంటి తెల్లటి పొడి రాలింది.

"బింతీ, ఇది ఊరందరి ఫహల్. మగచెట్టు. నా తోటకే కాదు, ఈ ఒడ్డున ఉన్న తోటలన్నిటికీ పెళ్లికొడుకు ఇదే. పూత విచ్చాక రెబ్బలు కోసి, చెట్టు చెట్టుకీ ఎక్కి, ఆడపూతలో పెట్టి కట్టాలి. లేకపోతే ఒక్క పండు నిలవదు. పెళ్లికి ముందే పెళ్లికొడుకు తల నరికారు మీరు."

 రాబియా ఆ మాట నర్సయ్యకు తెలుగులో చెప్పింది. అతను నమ్మలేదు. "పూత చేత్తోని పెడతరా? గాలి లేదా, ఈగలు లేవా? మా దిక్కు ఎవలు పెడతరు?" అన్నాడు. తర్వాత బీబీ అరచేతిలో పొడి చూశాడు. తను నరికిన మెడ వైపు తలెత్తి చూశాడు. చెట్టు కిందే కూలబడ్డాడు.

"ఇగ ఏం జెయ్యాలక్కా?"

బీబీ అరచేతిలో పొడి దులుపుకుంది. తర్వాత గ్లాసు చాచింది. "జరిగింది జరిగింది. ఉన్నది పొయ్యి. మళ్ళీ ఈ జన్మలో తాగుతానా?"

ఆ ఏడు చలిలో వడగళ్ళు పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ళలో మగచెట్ల పూత చాలావరకు నల్లబడింది. ఉన్నవాళ్ళు తమకే చాలదన్నారు. ఆడచెట్ల పూత విచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. రయ్యా వచ్చి చెట్టు చూసి, గట్టిగా అరిచి, మేకల్ని కొట్టి వెళ్ళింది. ఇంకో ఇంట్లో అది కల్లు అన్నారు. ఆ మాట రోడ్డు వెంట మస్కట్ దాకా పోయింది. వంతుకు రావలసినవాళ్ళలో ఒకామె ఒకరోజు రాలేదు. మర్నాడు ఇంకొకామె రాలేదు. పోట్లాడి మానేశారని కాదు. తోటల్లో పూతకోసం తిరుగుతున్నామన్నారు. కానీ కాఫీ కుండ పొయ్యి మీదే చల్లారింది. ఇన్నాళ్ళూ ఈ ఇంటిని నిలబెట్టింది గోడలు కావని రాబియాకు అప్పుడు తెలిసింది.

తర్వాత సైఫ్ మాట వచ్చింది. అందుకే ఈ సంచి.

మధ్యాహ్నం నర్సయ్య వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, సంచిని చూశాడు, చాప మీద పడి ఉన్న బట్టల్ని చూశాడు.

"గిదేంది, అప్పుడే సర్దుతున్నవ్?"

"ఇంకేం చెయ్యాలబ్బీ? వాళ్ళ కొడుకు వస్తాండాడు. నన్ను కూడా ఆ రువీ ఇంట్లో యాడో ఒక మూల పడేస్తాడు. ఆమెను మాత్రం ఆ హాల్లో కూర్చోబెడతాడు. గోడ లేని హాలు."

"మా దిక్కు అబ్దుల్ లారీ షినాస్ పోతున్నదక్కా, ఇయ్యాలనే. గాడ సముద్రం ఒడ్డున తోటలున్నయంట. వడగళ్ళు పడలేదంట. పోతుచెట్లు మస్తున్నయన్నడు. నేను పోతున్న."

"యాడికి పోతావు? రేపు నీకు డ్యూటీ లేదా? అడిగితే ఫోర్‌మన్ లీవు ఇస్తాడా నీకు?"

"అడిగితే ఇయ్యడు. అందుకే అడగలే."

"నీకేమన్నా బుద్ధుండాదా?"

"లేదక్కా. ఉంటే పోతుచెట్టు మెడ గీస్తనా?" నవ్వడానికి చూశాడు, నవ్వు రాలేదు. "మా ఇంట్ల తాత, నాయిన, ఎవలూ ఒక్క చెట్టు పాడుచెయ్యలేదు. నేను గీ దేశమొచ్చి ముసలవ్వ చెట్టు గీసిన. ఆమెను ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది నేనే గదా. జర సంచి ఇయ్యి, పూత ఏసుకొస్త. నా దగ్గర సిమెంటు బస్తాలే ఉన్నయ్, పూత పాడైతది."

రాబియా సంచిని గట్టిగా పట్టుకుంది. "వద్దు. నాకు భయంగా ఉండాది. నువ్వు పోవద్దు."

"ఏందక్కా, చంటిపిల్ల లెక్క. వస్త."

ఇద్దరూ ఏమంటున్నారని బీబీ అడిగింది. రాబియా చెప్పింది. బీబీ చాప మీద వెతికి, రాబియా మళ్ళీ సంచిలో పెట్టిన కాటుక భరిణెను కూడా తీసి పక్కన పెట్టి, ఖాళీ సంచిని తన చేతులతో నర్సయ్యకు అందించింది. "పూత తలకిందులుగా పెట్టుకోకు. ఎండ తగలనివ్వకు. తడి గుడ్డ వద్దు, పొడి గుడ్డ చుట్టు" అంది. అది కూడా రాబియా చెప్పింది. అతను తల ఊపి, మోకు భుజాన వేసుకుని, రోడ్డు మీద ఆగిన లారీ వైపు పరిగెత్తాడు. లారీ లేపిన దుమ్ము అణగిపోయేదాకా రాబియా గుమ్మంలోనే నిలబడింది.

ఆ వారం ఆమె సరిగా కూర్చున్నది లేదు. లారీ చప్పుడు వినిపిస్తే గుమ్మంలోకి, వినిపించకపోతే ఇంకా గుమ్మంలోకి. అన్నం మాడ్చింది. కాఫీలో యాలకులు రెండుసార్లు వేసింది. వారం సగమయ్యేసరికి ఆడచెట్ల పూత విచ్చడం మొదలైంది. రయ్యా రోజూ వచ్చి "వచ్చాడా?" అని అడిగి, రాలేదని తెలిసి, కూర్చోకుండానే పోయేది.

"పారిపోయాడు నీ చెట్టు మనిషి" అని ఒకసారి గట్టిగానే అంది.

"వాడు పారిపోయేవాడు కాదు" అంది బీబీ లోపల్నుంచి.

"మరి ఎక్కడ ఉన్నాడు, ఉమ్మీ?"

"చెట్టు మీద ఉన్నాడు. ఇంకెక్కడ ఉంటాడు?"

శుక్రవారం వచ్చింది. సైఫ్ కారు వచ్చింది. కాళ్ళ దాకా తెల్లటి దిష్దాషా చొక్కా, ఇస్త్రీ మడతలు, చేతికి గడియారం. తల్లి నుదురు ముద్దు పెట్టుకుని, చుట్టూ చూసి, రాబియాను ఉర్దూలో అడిగాడు.

"సామాను ఏది?"

రాబియా నేల చూసింది. బీబీయే జవాబు చెప్పింది.

"నా సంచి పని మీద బయటికి పోయింది. అది తిరిగి వచ్చాక నేను వస్తాను."

"సంచి బయటికి పోవడమేమిటి, ఉమ్మీ?"

"మనుషులు పోగా లేనిది సంచి పోకూడదా? నువ్వు పోలేదూ?"

సైఫ్ కోపం దిగమింగుకున్నాడు. తాగుబోతు కూలీలను తోటలోకి రానిచ్చారన్నాడు, ఊరు నవ్వుతోందన్నాడు, వంతు అనేది పాత కాలం మాట, ఎవరి పనులు వాళ్ళకున్నాయి, రేపు పడితే ఎవరు లేపుతారన్నాడు. "నేనున్నాను" అందామనుకుంది రాబియా. జరిగి బీబీ పక్కన నిలబడింది. సంచి లేకపోతే ఏం, దుప్పట్లో మూట కట్టమన్నాడు. రాబియా దుప్పటి పరిచింది. గౌన్లు పెట్టింది. బీబీ ఈసారి తీయలేదు. గోడ మీద చెయ్యి ఆనించి కూర్చుంది. అది చూస్తూనే రాబియా దుప్పటి కొసలు పట్టుకుంది. ముడి వేస్తే జారిపోయింది. మళ్ళీ వేసింది.

నమాజు అయి మగవాళ్ళు ఇళ్ళకు వస్తున్న వేళ లారీ హారన్ మోగింది.

రాబియా మూట వదిలేసి పరిగెత్తింది. అబ్దుల్ లారీ దిగుతున్నాడు. కోరుట్ల మనిషి, నోరు ఊరుకోదు, ఎప్పుడూ ఏదో ఒక జోకు వేస్తాడు. ఇవాళ వేయలేదు. ఆకుపచ్చ సంచిని రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఇచ్చాడు.

"ఇగో ఆపా. ఎండ తగలనీయలే. సీట్ల నా పక్కనే పెట్టుకొచ్చిన."

"నర్సయ్య ఏడి?"

"సూడు ముందుగాల, పూత మంచిగున్నదా."

ఆమె జిప్పు తీసింది. పొడి గుడ్డలో చుట్టిన పూతరెబ్బలు, సంచి నిండా. తెల్లటి పొడి, తడి పిండి వాసన. వాటి పైన చుట్టలు చుట్టి, ముడి వేసి ఉంది నర్సయ్య మోకు.

రాబియాకు అప్పుడే తెలిసిపోయింది. చెట్టెక్కేవాడు తిరిగి వచ్చేటట్టయితే మోకు పంపడు.

అబ్దుల్ అక్కడే నిలబడి చెప్పాడు. షినాస్ తోటమాలి పూత ఊరికే ఇవ్వనన్నాడట. తన తోటలో చెట్లన్నీ ఎక్కి పూత కట్టు, నీకు కావలసినంత పట్టుకుపో అన్నాడట. ఒక్కరోజులో అయ్యేది కాదు. నర్సయ్య వారమంతా చెట్ల మీదే ఉన్నాడు. డ్యూటీకి రాలేదని క్యాంపులో పేరు కొట్టేశారు. ఎక్కడున్నాడో తెలిసి, కంపెనీ వాళ్ళు జీపు పంపి పట్టుకుపోయారు. "ముందు మస్కట్‌ల, హమ్రియాల కంపెనీ రూమ్‌ల ఉంచుతరంట, టికెట్ రాంగనే ఇంటికి. వీసా క్యాన్సల్. జీపు ఎక్కేటప్పుడు సంచి నాకిచ్చిండు. బతిమాలిండు ఆపా, అన్నం కూడ తినలే. మోకు బీబీ తోటల్నే ఉండనీ అన్నడు. ఇగ నాకెందుకన్నడు."

బీబీ గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. వాసన తగిలినట్టుంది, చెయ్యి చాచింది. రాబియా సంచి ఆమె ముందు పెట్టింది. ముసలామె రెబ్బ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మంచి పూత. ఈరోజే కట్టాలి. రేపటికి బలం తగ్గుతుంది" అంది. తర్వాత "చెట్టు మనిషి ఏడి?" అని అడిగింది.

"రాలేదు బీబీ."

బీబీ నలిపిన రెబ్బను మళ్ళీ సంచిలో పెట్టింది.

రయ్యా వచ్చింది. ఆమె వెనక మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. అందరూ సంచి చుట్టూ చేరారు. పూత ఉంది, ఎక్కేవాడు లేడు. మగవాళ్ళలో ఉన్నవాళ్ళు మోకాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత, ఎవరూ అనకుండానే, సైఫ్ వైపు చూశారు.

"నీ బాబు నీకు నేర్పింది మర్చిపోయావా, లేక ఆఫీసులో కుర్చీలే ఎక్కుతున్నావా?" అంది రయ్యా.

సైఫ్ ముఖం ఎర్రబడింది. రయ్యాను ఏదో అనబోయాడు. తల్లి చెయ్యి గోడ మీద ఉంది. అతను ఆ చేతివైపు చూశాడు. గడియారం తీసి రాబియా చేతిలో పెట్టాడు. దిష్దాషా పైకి ఎగగట్టి నడుముకు బిగించాడు. మోకు విప్పి చూశాడు. ఈ ఊరి తాడు కాదు, ముడి వేరుగా ఉంది. రాబియా నర్సయ్య కట్టుకునే విధం చూపించింది. ఎన్ని శుక్రవారాలు చూసిందో.

మొదటి చెట్టు సగం ఎక్కి జారాడు. మోచేయి గీసుకుంది. ఆడవాళ్ళు కేకలు వేశారు. కొందరు నవ్వారు. మళ్ళీ ఎక్కాడు. పైనుంచి "పూత ఇవ్వండి" అని అరిచాడు. రాబియా రెబ్బలు తాడుకు కట్టి పంపింది. మెల్లగా చేతులకు పాత పని గుర్తొచ్చింది. తమ తోట అయింది, రయ్యా తోట అయింది, ఆ పక్క తోట మొదలుపెట్టాడు. ప్రతి చెట్టు కింద ఒక ఇల్లు నిలబడి ఉంది. దిగినప్పుడల్లా ఎవరో ఒకరు కాఫీ పోసేవారు. పొద్దు కొండ దాటేసరికి అతని తెల్లబట్టలు మట్టి రంగుకొచ్చాయి. అరచేతులు బొబ్బలెక్కాయి.

చివరికి వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. దుప్పటి మూట ఇంకా నేల మీదే ఉంది. రయ్యా దాన్ని చూసింది, ముడి విప్పింది, గౌన్లు తీసుకెళ్ళి మేకులకు తగిలించింది. ఎవరినీ అడగలేదు.

"రేపు నా వంతు. ఇవాళ వంతు ఎవరిదో వాళ్ళు ఇంకా రొట్టెలు తేలేదు, చూస్తాను" అని వెళ్ళిపోయింది.

సైఫ్ అరచేతులు చూసుకుంటూ అన్నాడు. "మస్కట్ సంగతి వచ్చే ఏడు చూద్దాం, ఉమ్మీ."

"వచ్చే ఏడూ పూత కట్టాలి. వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకో" అంది బీబీ మౌజా.

ఆ ఏడు పండు బాగానే నిలిచింది. కోతల్లో ఇంటింటినుంచీ ఒక గెల బీబీ గుమ్మంలోకి వచ్చింది. పోతుచెట్టు మెడ మీద గాయం గట్టిపడి, మరుసటేడు రెండో పక్కన పొత్తులు వేసింది. సైఫ్ ఏటా వచ్చి మోకు కట్టుకుని ఎక్కేవాడు, ఏటా "వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. వంతు నడిచింది. రాబియా అక్కడే ఉంది. ఆకుపచ్చ సంచిని ఆమె మళ్ళీ సర్దలేదు. ఉల్లిపాయలు పోసి వంటింట్లో మేకుకు తగిలించింది. లారీ చప్పుడైతే మాత్రం గుమ్మంలోకి వచ్చేది. అబ్దుల్ ఎప్పుడైనా కనిపిస్తే ఏమైనా కబురుందా అని అడిగేది. లేదనేవాడు.

బీబీ మౌజా 1983 ఎండాకాలంలో తన ఇంట్లో, తన మంచం మీద, ఒక చెయ్యి గోడకు ఆనించి పోయింది. ఆరోజు వంతు రయ్యాది.

నర్సయ్య 1978 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం సంచి పట్టుకుని షినాస్ వెళ్ళాడు. ఆ ఊరికి మళ్ళీ రాలేదు.